పూచీ ఎవరిది? తిరుచానూరు నుంచి తోతాపురి దాకా

పల్లవ రాజు దంతివర్మ పాలనలో 51వ ఏట, అంటే 9వ శతాబ్దం పూర్వార్ధంలో, చోళనాడుకు చెందిన ఉలగప్పెరుమానార్ అనే వ్యక్తి తిరుచానూరు కోవెలలో నందాదీపానికి బంగారం ఇచ్చాడు. తిరుమల తిరుపతి శాసనాల్లో అతి పాతవాటిలో ఇదొకటి. ఊరి పేరు అందులో తిరుచ్చోగినూరు, అది ఉన్న సీమ తిరువేంగడ కోట్టం. కావేరి ఒడ్డు నుంచి స్వర్ణముఖి ఒడ్డుకు ఈనాటి రోడ్ల మీద కూడా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ఇచ్చినవాడు మళ్లీ ఇటు వస్తాడో రాడో, వచ్చినా ఎన్నేళ్లకు వస్తాడో ఎవరికీ తెలియదు. అయినా తన ఊరు కాని ఊళ్లో, తన బంధువులెవరూ లేని చోట, బంగారం దించి వెళ్లిపోయాడు. ఆనాటి ఏర్పాటు ప్రకారం ఇలాంటి సొమ్ము ఖర్చు చేసేది కాదు. మూలధనం అలాగే ఉండాలి, దాని మీద వచ్చే ఆదాయంతో నెయ్యి కొని దీపం పెట్టాలి. దీపం రోజూ వెలుగుతుంటే ఒప్పందం నడుస్తున్నట్టు, ఆరిపోతే ఎవరో మాట తప్పినట్టు. లెక్కల పుస్తకం తెరవనక్కర లేకుండా దారిన పోయేవాడు కూడా తనిఖీ చేయగలిగిన ఖాతా అది. భక్తిని పక్కన పెట్టి చూసినా, దూరదేశపు మనుషుల మధ్య ఆర్థిక సంబంధం నిలవాలంటే ఏం కావాలో ఈ చిన్న శాసనం చెబుతోంది.

ఇరుగు పొరుగు దేశాలు, అందులోనూ బీద దేశాలు, ఒకదానితో ఒకటి వర్తకం చేసుకుని బాగుపడాలన్న మాట మనం చాలాకాలంగా వింటున్నాం. దక్షిణాసియా దేశాలు 2004లో ఇస్లామాబాదులో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి, 2006 నుంచి అది అమల్లో ఉంది. అయినా ఈ దేశాల మొత్తం విదేశీ వర్తకంలో తమలో తాము చేసుకునేది సుమారు 5 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆగ్నేయాసియా దేశాల కూటమిలో అదే లెక్క 20 శాతానికి పైన ఉంది. దీనికి కారణం సుంకాలనీ, రాజకీయ వైరమనీ, రోడ్లూ రేవులూ బాగా లేవనీ అంటుంటారు. అన్నీ నిజమే. కానీ సుంకాలు తగ్గించిన తర్వాత కూడా సరుకు కదలకపోతే ఇంకేదో లోటు ఉన్నట్టే. ఆ లోటు పూచీ అని నా వాదన. ఇద్దరు పొరుగువాళ్ల మధ్య మాట తప్పితే విచారించేదెవరు, రాజు మారినా ఒప్పందాన్ని మోసేదెవరు, నష్టం వస్తే సర్దేదెవరు అన్న ప్రశ్నలకు జవాబున్న చోటే వర్తకం నిలిచింది. జవాబు లేని చోట రాజులు ఎన్ని అభయాలిచ్చినా అవి వాళ్లతోనే పోయాయి. తిరుచానూరు చుట్టుపక్కల పన్నెండు వందల ఏళ్ల చరిత్ర దీనికి మంచి సాక్ష్యం. ఈ సీమ ఏ ఒక్క రాజ్యానికీ నడిబొడ్డు కాదు, ఎప్పుడూ ఎవరో ఒకరి అంచే.

అంచు కావడం ఈ ప్రాంతానికి భూగోళం రాసిన రాత. పడమరకు చంద్రగిరి, పాకాల మీదుగా పోయి మొగిలి ఘాటు ఎక్కితే పలమనేరు, అక్కడి నుంచి మైసూరు పీఠభూమి. వాయవ్యాన భాకరాపేట కనుమ దాటితే రాయచోటి, కడప సీమ. దక్షిణాన పుత్తూరు, నగరి దాటితే తొండమండలం చెరువుల పల్లం. తూర్పున స్వర్ణముఖి వెంట శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సముద్రం. పైనేమో వాన తక్కువ నేల, చిరుధాన్యాలు, పశువులు, అడవి కలప, శేషాచలం ఎర్రచందనం. కిందనేమో చెరువుల కింద వరి, కొటారుల్లో ఉప్పు, ఎండుచేప, నేతగాళ్ల బట్ట. పై సీమకూ కింది సీమకూ ఒకదాని సరుకు ఇంకొకదానికి అవసరం. ఒకే పంట పండించే ఇద్దరు పొరుగువాళ్లు పోటీదారులవుతారు, వేరువేరు పంటలవాళ్లు బేరగాళ్లవుతారు. తిరుచానూరు ఆ బేరం జరిగే దారి మీద ఉంది. ఎటు పోవాలన్నా రాజ్యమో నాడో మారుతుంది. పల్లవులు, చోళులు, నారాయణవనం యాదవరాయలు, విజయనగరం, ఆర్కాటు నవాబులు, ఇంగ్లీషు కుంపిణీ, ఇలా పాలించినవాళ్లు మారుతూ పోయారు. పశువులు తోలుకొచ్చేవాడికీ ఉప్పు మోసుకెళ్లేవాడికీ ప్రతి తరంలో కొత్త సుంకరి ఎదురయ్యాడు.

ఈ మార్పుల్లో చాలావాటి మధ్య మారకుండా నిలిచింది తిరుచానూరు సభ. సభ అంటే బ్రాహ్మణ గ్రామపు పాలక మండలి. భూమి అమ్మడం, కొనడం, పన్ను మినహాయింపు రాసివ్వడం, దేవుడి సొమ్ము పట్టి ధర్మం నడపడం దాని పనులు. 10వ శతాబ్దంలో పల్లవ వంశపు సామవై, శాసనాల్లో కాడవన్ పెరుందేవి అని కూడా కనిపించే ఆమె, తిరుమలకు వెండి విగ్రహం ఇచ్చింది. ఈనాటి భోగ శ్రీనివాసమూర్తి అదే. విగ్రహంతో పాటు నిత్య కైంకర్యానికి భూమి కూడా ఇచ్చింది. ఆ భూమి ఆమె సొంతం కాదు, తిరుచానూరు సభ దగ్గర కొన్నది. రాజవంశపు స్త్రీ కూడా ఊరి సభకు డబ్బు కట్టి, వాళ్ల చేత పన్ను లేని భూమిగా రాయించుకుని, దాన్ని రాతి మీద చెక్కించింది. అధికారం ఆమెకు లేక కాదు. తన వంశం పోయినా చెల్లే కాగితం సభ దగ్గరే దొరుకుతుందని తెలిసి. శాసనాల్లో దానం చంద్రార్కస్థాయిగా సాగాలని రాసుకోవడం మనకు అలవాటైన మాట. దాన్ని అలంకారంగా చదివేస్తాం. అది ఒప్పందపు గడువు. రాజుల ఆయుష్షుతో సంబంధం లేని గడువు పెట్టాలంటే, రాజుల ఆయుష్షుతో సంబంధం లేని సంస్థ కావాలి.

ఆ సంస్థ ఎప్పుడూ నిజాయితీగా ఉందని అనుకోనక్కర్లేదు. రాజేంద్ర చోళుడి కాలంలో, 11వ శతాబ్దం తొలి పాదంలో, దగ్గర్లోని తిరుముండియం సభ తిరుమలలో దీపాలు పెడతామని బంగారం తీసుకుని, ఒప్పుకున్న వాటిలో కొన్ని మాత్రమే వెలిగించి ఊరుకుంది. కొర్రమంగలముడైయాన్ అనే చోళ అధికారి విచారణ జరిపి, ఆ సొమ్మును తిరువేంగడం, అంటే తిరుమల, భాండాగారానికి కట్టించి, దీపాలు ఇక భాండాగారం నుంచే నడిచేలా చేశాడు. నాకు ఈ శాసనం ఉలగప్పెరుమానార్ దానం కంటే విలువైనదిగా తోస్తుంది. దానం చేయడంలో విశేషం లేదు, లోకంలో దాతలకు ఎప్పుడూ కొదవ లేదు. ఎగ్గొట్టినవాణ్ణి నిలదీసి, తప్పును కప్పిపెట్టకుండా రాతి మీద ఎక్కించడం అరుదు. దూరం నుంచి వచ్చేవాడు తర్వాతి దానం చేసే ముందు దీన్ని చదువుతాడు, లేదా చదివించుకుని వింటాడు. మోసం జరగదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. జరిగితే బయటపడుతుందన్న హామీ చాలు. ఈ కాలపు వర్తక ఒప్పందాల్లో వివాద పరిష్కారానికి నాలుగైదు పేజీలు రాస్తారు. వాటి కింద నిజంగా విచారణకు వచ్చిన తగాదాలు మన ఉపఖండంలో ఎన్ని ఉన్నాయో వెతికితే ఆ పేజీల విలువ తెలుస్తుంది.

15వ శతాబ్దానికి వచ్చేసరికి ఈ ఏర్పాటు చాలా పెద్దదైంది. తిరుమల నిర్వహణ స్థానత్తార్ అనే మండలి చేతికి వచ్చింది. తిరుచానూరు సభవాళ్లు, తిరుపతి శ్రీవైష్ణవులు, జియ్యర్లు, అర్చకులైన నంబులు అందులో సభ్యులు. శాసనాల చివర కోవెల కరణం సంతకం ఉంటుంది, పేరు తిరునిన్రవూర్ ఉడైయాన్. ఆ ఊరు నేటి చెన్నై పక్కన ఉంది. తెలుగు సీమ అంచున ఉన్న కొండ గుడికి తొండమండలం కరణం, లెక్కలు తమిళంలో, దాతలు కన్నడ, తెలుగు, తమిళ దేశాలవాళ్లు. తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసిన వెయ్యికి పైగా శాసనాల్లో సింహభాగం సాళువ నరసింహుడి కాలం నుంచి సదాశివరాయల కాలం దాకా, అంటే దాదాపు ఒక శతాబ్దంలో వచ్చినవే. అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో ఈ శాసనాల మీద రాసిన వ్యాసంలో ఒక సంగతి నిరూపించాడు. దాతలిచ్చిన నగదును గుడి పెట్టెలో దాచలేదు. దేవుడి గ్రామాల్లో చెరువులు తవ్వడానికి, కాలువలు తీయడానికి పెట్టుబడి పెట్టింది. నీళ్లొచ్చి పెరిగిన పంటతో దాత కోరిన నైవేద్యం నడిచింది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతది. దాన్ని విట్టవన్ విళుక్కాడు అనేవారు. దాత దూరాన ఉంటే ఆ భాగాన్ని ఇంకొకరికి రాసివ్వచ్చు, అమ్మచ్చు. అప్పాలు, అతిరసాలు లాంటి నిలవ ఉండే ప్రసాదాలు యాత్రికులకు అమ్ముడయ్యేవి. వాన లేని సీమకు విజయనగరం నుంచీ తమిళ దేశం నుంచీ డబ్బు వచ్చి, చెరువుగా మారి, వడ్లుగా పండి, ప్రసాదంగా అమ్ముడై, మళ్లీ డబ్బై తిరిగింది. పెట్టుబడి, ఆస్తి, ఆదాయం, వాటా, వాటా బదిలీ, అన్నీ ఇందులో ఉన్నాయి. అంకెలు మాత్రం రాతి మీద, అందరికీ కనబడేలా.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఇది వర్తకం కాదు, భక్తి, రెండింటినీ కలిపితే ఎలా అని. కలిపింది నేను కాదు, శ్రీవారి అభిషేకపు సామాను. శుక్రవారం అభిషేకానికి వాడే పచ్చకర్పూరం ఈ దేశపు చెట్టు నుంచి రాదు. సుమత్రా, బోర్నియో అడవుల్లోని చెట్టు మాను లోపల దొరికే పదార్థం అది. సుమత్రా పడమటి తీరంలోని బరూస్ రేవు దానికి పేరుపడ్డ చోటు. అక్కడి లోబు తువాలో 1088 నాటి తమిళ శాసనం దొరికింది. వేయించినవాళ్లు ఐన్నూఱ్ఱువర్ వర్తక సంఘం, కన్నడ దేశంలో అయ్యావళె ఐదువందలవారు. రేవుకు వచ్చే ఓడలవాళ్లు కట్టాల్సిన రుసుము గురించి వాళ్లు రాసుకున్న కట్టుబాటు అది. కస్తూరి హిమాలయాల నుంచి, కుంకుమపువ్వు కాశ్మీరం నుంచి రావాలి. కొండ మీద ఒక్క అభిషేకం జరగాలంటే బంగాళాఖాతం అవతలి రేవుతోనూ హిమాలయ కనుమలతోనూ సంబంధం తెగకుండా ఉండాలి. ఆ సంబంధాన్ని నిలిపిన ఐదువందలవారు ఏ రాజు సైన్యమూ కారు, తమ కట్టుబాట్లు తామే రాసుకుని తామే అమలు చేసుకున్న సంఘం. తిరుచానూరు సభలో చూసిన లక్షణమే సముద్రం అవతల కూడా కనబడుతోంది.

దీనికి ఎదురు ఉదాహరణ మోటుపల్లి. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం తెలుగువాళ్ల పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సొమ్మంతా మునుపటి రాజులు దోచుకునేవారనీ, తాను న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోననీ రాజు మాటిచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలకు సుంకాల పట్టీ కూడా రాయించాడు. నిజంగా గొప్ప శాసనం, సందేహం లేదు. కానీ 1358లో కొండవీటి అనవోత రెడ్డి అదే మోటుపల్లిలో అలాంటి అభయాన్నే మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. మధ్యలో కాకతీయ రాజ్యం కూలింది, దానితో పాటు అభయమూ పోయింది. రాజు మాట రాజ్యంతో పాటు రద్దవుతుందని రేవులోని విదేశీ వర్తకులకు బాగా తెలుసు, అందుకే కొత్త రాజు కొత్తగా పిలవాల్సి వచ్చింది. ప్రభుత్వాలు మారగానే పాత ప్రభుత్వపు ఒప్పందాలు తిరగదోడటం మన కాలపు రోగం అనుకుంటాం గానీ, దానికి ఏడు వందల ఏళ్ల వయసుంది.

పులికాటు కథ ఇంకా విషాదం. విజయనగరం ఏలుబడిలో పులికాటు నుంచి బట్టలు మలక్కాకు, పెగూకు, జావాకు పోయేవి, అక్కడి నుంచి సుగంధ ద్రవ్యాలు, రాగి, కెంపులు వచ్చేవి. బంగాళాఖాతం రెండు ఒడ్లూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతికిన కాలమది. 1565 నాటి తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చింది. చంద్రగిరి తిరుచానూరుకు కూతవేటు దూరం. ఆ చంద్రగిరి రాజుల కాలంలోనే డచ్చివాళ్లు 1613లో పులికాటులో జెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కుంపిణీకి మద్రాసు స్థలం ఇచ్చాడు. వర్తకుడి కట్టుబాటు స్థానంలో ఫిరంగి వచ్చింది. ఎవరు ఎవరికి ఏ సరుకు అమ్మాలో కోటలో ఉన్నవాడు నిర్ణయించాడు. పొరుగు ఒడ్లు రెండూ ఆమ్‌స్టర్‌డామ్, లండన్ వైపు చూడటం మొదలుపెట్టాయి, ఒకదాని వైపు ఒకటి చూడటం మానేశాయి. దక్షిణాసియా దేశాలు తమలో తాము ఇంత తక్కువ వర్తకం చేసుకోవడానికి మూలం 1947లోనే లేదు, ఆ కోట గోడల్లో కూడా ఉంది.

గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఇదంతా గుడి గొప్పతనం కాదు, సామ్రాజ్యం గొప్పతనం. విజయనగరం అంత పెద్ద రాజ్యం ఏర్పడి దారులు కాపాడింది కాబట్టే దానాలు వచ్చాయి, 1565 తర్వాత అవి ఎండిపోయాయి, గుడి కారణం కాదు ఫలితం అని. ఇందులో నిజం చాలా ఉంది. ఇంకో మాట కూడా కలుపుతాను. 1514లో ఉదయగిరి గెలిచి వచ్చి కృష్ణదేవరాయలు ముప్పై వేల బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేశాడు. ఆ ఐశ్వర్యం వెనక కళింగ గజపతులతో యుద్ధం ఉంది. పొరుగువాడితో యుద్ధంలో గెలిచి వచ్చి చేసిన వైభవాన్ని పొరుగు దేశాల ఆర్థిక ఐక్యత అనడం కుదరదు. పెట్టుబడి పరిమాణం సామ్రాజ్యం మీద ఆధారపడింది, ఒప్పుకోవాల్సిందే. కానీ వాదన పరిమాణం గురించి కాదు, నిలకడ గురించి. ఉలగప్పెరుమానార్ నాటికి విజయనగరం పుట్టలేదు. సామవై నాటికీ పుట్టలేదు. విజయనగరం పోయాక దానాలు తగ్గాయి గానీ యాత్ర ఆగలేదు. 18వ శతాబ్దం నడుమ కర్ణాటక యుద్ధాల్లో దేశం అల్లకల్లోలమై ఉన్నప్పుడు ఆర్కాటు నవాబు మహమ్మదలీ కుంపిణీకి పడ్డ బాకీ కింద తిరుపతి ఆదాయాన్ని తాకట్టు పెట్టాడు. అప్పులిచ్చేవాడు కూలుతున్న ఆస్తిని తాకట్టుగా తీసుకోడు. సైన్యాలు తిరుగుతున్న దేశంలో కూడా ఉత్తరాది నుంచి, మరాఠా దేశం నుంచి యాత్రికులు కానుకలు పట్టుకుని వస్తూనే ఉన్నారన్నదే ఆ తాకట్టుకు అర్థం. 1801లో కుంపిణీ కర్ణాటకాన్ని తీసుకుంది. 1821లో బ్రూస్ కోడ్ పేరుతో గుడికి నిబంధనలు రాసింది. 1843లో గుడిని హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది, 1933లో దేవస్థానం కమిటీ వచ్చింది. యజమానులు ఇన్నిసార్లు మారారు, ఖాతా మాత్రం మూతపడలేదు.

ఇంకో అభ్యంతరం ఎవరి లాభం అని. శాసనాల్లో రాజులు, రాణులు, దండనాయకులు, ఆచార్యులు, వర్తకులు, గుడి సేవలోని స్త్రీలు దాతలుగా కనబడతారు. చెరువు తవ్వినవాడు కనబడడు. కాలువ కింద వరి నాటిన మాల మాదిగల పేర్లు ఏ రాతి మీదా లేవు. కొత్త నీళ్లు వచ్చిన ఊళ్లో పెరిగిన పంటలో కూలివాడి పాలు ఎంత అని ఏ కరణమూ రాయలేదు. సాళువ నరసింహుడు కట్టించిన రామానుజకూటాల్లో యాత్రికులకు అన్నం పెట్టారు, బ్రాహ్మణేతరులైన సాత్తాద వైష్ణవులకు అక్కడ చోటు దొరికింది, అది కొంత. కానీ ఆ కాలపు ఏర్పాటు పైవాళ్ల మధ్య నమ్మకాన్ని కట్టిందే తప్ప కిందివాడికి వాటా రాయలేదు. ఈ లోపం వల్ల నా వాదన వీగిపోదు. దానికి ఒక షరతు మాత్రం చేరుతుంది. పూచీ ఎవరికి అన్నది కూడా పూచీ ఎవరిది అన్నంత ముఖ్యమే. ఇద్దరు పొరుగువాళ్ల మధ్య సరుకు కదిలినప్పుడు రెండు వైపులా చిన్న రైతు నష్టపోతే, వాడు తలుపు మూయమని అడుగుతాడు, అడగడంలో తప్పు లేదు.

ఇంగ్లీషువాళ్ల కాలంలో ఈ సీమ ఒకే విపణిలో కలిసింది. 1844లో మద్రాసు ప్రెసిడెన్సీ లోపల దారి సుంకాలు రద్దయ్యాయి. 1860ల్లో మద్రాసు నుంచి బొంబాయి వైపు పోయే రైలు రేణిగుంట మీదుగా వచ్చింది. కానీ దారులన్నీ మద్రాసు రేవుకే పోయాయి, కాబట్టి ఆ కలయిక పొరుగు సీమల మధ్య కాదు, సీమకూ రేవుకూ మధ్య. తర్వాత గీతలు మొదలయ్యాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న, రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదా మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం, తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. తిరుచానూరు యాత్రికుడి దారిలో మళ్లీ సుంకరి నిలబడ్డాడు, ఈసారి చెక్‌పోస్టు రూపంలో. 2017లో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. ఈ మధ్య కాలంలో పొరుగు రాష్ట్రాల నడుమ నిజమైన ఐక్యతకు మంచి నమూనా తెలుగు గంగ. కృష్ణ నీళ్ల మీద దశాబ్దాలుగా కొట్లాడుకున్న మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ 1976లో తలా ఐదు టీఎంసీలు మద్రాసు తాగునీటికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీ రామారావు, ఎంజీ రామచంద్రన్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. 1996లో నీళ్లు కండలేరు నుంచి పూండి చేరాయి. ఒప్పుకున్నంత నీరు చాలా ఏళ్లు అందలేదన్నది కూడా నిజం. ఎందుకంటే కాలువ ఉంది, పంపకం ఉంది, తక్కువ వదిలితే నిలదీసే కొర్రమంగలముడైయాన్ లేడు.

ఇలాంటి మనిషి లేకపోతే ఏమవుతుందో 2025 జూన్‌లో చిత్తూరు జిల్లా చూపించింది. ఆ ఏడు తోతాపురి మామిడి విరగకాసింది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలు ధర తగ్గించాయి. మన రైతు కాయ అమ్ముడుపోకుండా పక్క రాష్ట్రాల కాయ లోపలికి వస్తోందని జూన్ 7న జిల్లా అధికారులు బయటి తోతాపురిని నిషేధించారు. కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతులు తరతరాలుగా కాయ తోలేది చిత్తూరు ఫ్యాక్టరీలకే, వాళ్ల లారీలు సరిహద్దులో ఆగిపోయాయి. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబు నాయుడుకు ఉత్తరం రాశారు. ఆంధ్ర ప్రభుత్వం కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, తాను 4 రూపాయలు చొప్పున ధర కట్టింది. కర్ణాటక రైతుకు రెండున్నర లక్షల టన్నుల మేర ధర తేడా చెల్లించడానికి కేంద్రం ఒప్పుకుంది. నిషేధాన్ని సమర్థించేవాళ్ల మాటలో బలముంది. పన్నెండు రూపాయలు ఆంధ్ర ఖజానా సొమ్ముతో నిలబెట్టిన ధర, పక్కవాడి కాయ వచ్చి ఆ సాయాన్ని మింగేస్తే చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం రైతుకు ఏం మిగులుతుంది? నిజమే. కానీ కాయ ధర పడగొట్టింది శ్రీనివాసపురం రైతు కాదు, అతని ధర కూడా అదే కారణాలతో పడింది. చెట్టు రెండు వైపులా ఒకే నెలలో కాస్తుంది, గుజ్జు అమ్ముడుపోయేది రెండు వైపులా ఒకే విదేశీ కొనుగోలుదారుకు. ఇద్దరూ ఒకే కష్టంలో ఉన్నప్పుడు ఒకరి సాయం ఇంకొకరికి శిక్షగా మారింది. మద్దతు ధర విడివిడిగా ఇచ్చి విపణి ఒకటిగా ఉంచితే జరిగేది ఇదే. దేశాల మధ్య అయితే దీన్నే ఉల్లి ఎగుమతి నిషేధం అంటాం, బియ్యం ఎగుమతి నిషేధం అంటాం, బంగ్లాదేశ్, శ్రీలంక మన మీద చేసే ఫిర్యాదూ ఇదే. చిత్తూరు, కోలారు మధ్య అంతర్జాతీయ సరిహద్దు లేదు, పాస్‌పోర్టు లేదు, రాజ్యాంగం ఒకటే. అయినా తలుపు మూసుకోవడానికి ఒక ఉత్తర్వు చాలింది. అలాంటప్పుడు ఢాకాకూ కొలంబోకూ మనమిచ్చే హామీని వాళ్లు ఎంతవరకు నమ్మాలి?

దీనికి మందు కొత్త ఒప్పందం కాదు. చిత్తూరు, కోలారు, తమిళనాడులోని కృష్ణగిరి, మూడు జిల్లాలూ తోతాపురి పండించేవే. మూడు రాష్ట్రాల రైతులు, ఫ్యాక్టరీలు, అధికారులు ఒకే మండలిలో కూర్చోవాలి. పోయినేటి గుజ్జు ఎంత మిగిలిందో, ఈ ఏడు కాపు ఎంత ఉందో ఒకే లెక్కలో రాయాలి. మద్దతు సొమ్మును మూడు ఖజానాలూ కలిపి ఒక నిధిగా పెట్టి, రైతు ఏ వైపు వాడైనా అదే ధర ఇవ్వాలి. మాట తప్పిన ఫ్యాక్టరీని, మాట తప్పిన ప్రభుత్వాన్ని కూడా విచారించే అధికారం ఆ మండలికి ఉండాలి, తీర్పు అందరికీ తెలిసేలా ప్రకటించాలి. ఇందులో ఒక్కటి కూడా ఈ సీమకు కొత్త కాదు. కేంద్రం ధర తేడా సొమ్ము ఇవ్వడానికి ముందుకొచ్చిన ప్రతిసారీ, అది ఒక్కో రాష్ట్రానికి విడిగా కాకుండా ఇలాంటి ఉమ్మడి నిధికే ఇస్తానని షరతు పెడితే మండలి ఏర్పడటానికి ఒక్క సీజను చాలు. తోతాపురి మే చివర నుంచి కోతకు వస్తుంది. ఈ మూడు జిల్లాల కలెక్టర్లు సంక్రాంతి లోపు ఒకసారి కలిసి కూర్చోవాలి.